చెట్టు మన చేలో, లెక్క కంపెనీ పుస్తకంలో

(భద్రాచలం ఏజెన్సీ ప్రాంత మహిళల సదస్సులో చేసిన ప్రసంగానికి అక్షర రూపం)



'వాతావరణ మార్పు – పెద్ద కంపెనీల పాత్ర' అన్న విషయం మీద మాట్లాడమని నిర్వాహకులు నన్ను అడిగారు. ఈ మాట వినగానే ఇదేదో మనకు సంబంధం లేనిది, ఢిల్లీలోనో విదేశాల్లోనో పెద్ద హోటళ్లలో కూర్చుని మాట్లాడుకునేవాళ్లది అనిపిస్తుంది. మనకలా అనిపించడం వల్ల లాభపడేవాళ్లు ఉన్నారు. మనం పట్టించుకోనంత కాలం మన చెట్టును చూపించి ఎవరో లెక్కలు రాసుకుంటారు. ఆ లెక్క గురించే ఈరోజు నేను మాట్లాడతాను.

ముందు మన అనుభవం నుంచే మొదలుపెడదాం. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు వచ్చింది. మూడో ప్రమాద హెచ్చరిక 53 అడుగులకే ఇస్తారు. 1986 ఆగస్టులో 75.6 అడుగులు వచ్చిన తర్వాత మళ్లీ అంత నీరు చూడటం అదే. 2024 సెప్టెంబరు 1న ఖమ్మం పట్టణంలో మున్నేరు ఇళ్లమీదికి వచ్చింది. 2015 మే నెలలో ఎండదెబ్బకు రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి సుమారు రెండు వేల మంది చనిపోయారు. ప్రతి వరదకీ, ప్రతి ఎండకీ వాతావరణ మార్పే కారణమని నేను అనను. అంతకంటే పెద్ద వరద 1986లోనే వచ్చింది కదా. అయితే గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు ఏడు శాతం ఎక్కువ తేమను పట్టుకుంటుంది. అందుకే వానలు లేనప్పుడు అసలు ఉండవు, వస్తే కుండపోతగా వస్తాయి. ఇది శాస్త్రజ్ఞులందరూ ఒప్పుకున్న సంగతి.

మన ఆడవాళ్లకు ఇది ఎలా తగులుతుందో వేరే చెప్పాలా? తునికాకు కోసేది ఏప్రిల్, మే నెలల్లో. తెల్లవారుజామున బయలుదేరి ఆకు కోసి, మధ్యాహ్నం నీడ చూసుకుని యాభై ఆకులకొక కట్ట కట్టి, సాయంత్రానికి కళ్లంలో అప్పగించాలి. ఎండ ముదిరేకొద్దీ కోసే గంటలు తగ్గుతాయి, కట్టలు తగ్గుతాయి, కూలి తగ్గుతుంది. వరదొస్తే పునరావాస కేంద్రంలో మరుగుదొడ్డి కోసం చీకటి పడేదాకా ఆగేది ఆడవాళ్లే. ఎండాకాలం చెలమ తోడేది కూడా మనమే.

మరి దీనికి కారకులెవరు? ఏళ్ల తరబడి మనం విన్నది ఒకటే పాట. పోడు కొట్టి అడవి నాశనం చేస్తున్నారు, కట్టెపుల్లలు ఏరి అడవి నాశనం చేస్తున్నారు, మేకల్ని వదిలి అడవి నాశనం చేస్తున్నారు. అంటే దోషి ఎప్పుడూ నెత్తిన కట్టెలమోపు పెట్టుకున్న ఆడదే. అమెరికాలో రిచర్డ్ హీడ్ అనే పరిశోధకుడు ఈ ప్రశ్నను ఇంకోవైపు నుంచి అడిగాడు. భూమిలోంచి బొగ్గు, చమురు, గ్యాసు తవ్వి అమ్మింది, సిమెంటు చేసింది ఎవరని లెక్క తీశాడు. పారిశ్రామిక విప్లవం మొదలైనప్పటి నుంచి 2010 వరకు పరిశ్రమల వల్ల గాలిలో కలిసిన బొగ్గుపులుసు వాయువు, మీథేన్‌లలో సుమారు 63 శాతం కేవలం 90 సంస్థల ఉత్పత్తుల నుంచి వచ్చిందని తేల్చాడు. అందులో షెవ్రాన్, ఎక్సాన్ లాంటి ప్రైవేటు కంపెనీలున్నాయి, కోల్ ఇండియా లాంటి ప్రభుత్వ కంపెనీలున్నాయి. మన సింగరేణి పేరు కూడా ఉంది. కట్టెలమోపు మాత్రం ఆ జాబితాలో ఎక్కడా లేదు.

ఇక్కడ ఒక మాట. సింగరేణి ప్రభుత్వ సంస్థ. రాష్ట్రానికి 51 శాతం, కేంద్రానికి 49 శాతం వాటా. మన అన్నదమ్ములు ఎందరో అక్కడ పని చేస్తున్నారు, ఆ జీతాలతో మన పిల్లలు చదువుకున్నారు. కాబట్టి కంపెనీ అనగానే ప్రైవేటువాడిని మాత్రమే తిట్టి ఊరుకోవడం నిజాయితీ కాదు. ఈ ప్రాంతాన్ని చూడండి. కొత్తగూడెం, ఇల్లందు, మణుగూరు గనులు. పాల్వంచలో కేటీపీఎస్. అక్కడ 720 మెగావాట్ల పాత యూనిట్లు 2020లో మూతపడ్డాయి, వాటి ఎనిమిది కూలింగ్ టవర్లను 2024 ఆగస్టులో కూల్చేశారు. కానీ అంతకు ముందే, 2018లో, పక్కనే 800 మెగావాట్ల కొత్త యూనిట్ మొదలైంది. మణుగూరు దగ్గర భద్రాద్రి థర్మల్ కేంద్రం 1080 మెగావాట్లది. దేశంలో తక్కువ బొగ్గుతో ఎక్కువ కరెంటు తీసే సూపర్ క్రిటికల్ యంత్రాలు వచ్చేసిన తర్వాత కూడా అక్కడ పాత రకం యంత్రాలే పెట్టారు. కట్టిందీ, కట్టించిందీ ప్రభుత్వ సంస్థలే. ఈ కరెంటు ఎక్కువ ఏ ఊళ్లకు పోతుందో, బూడిద ఏ ఊళ్ల మీద పడుతుందో మీకు తెలుసు.

ఇప్పుడు సారపాకకు వద్దాం. ఎందుకంటే పెద్ద కంపెనీ వాతావరణాన్ని కాపాడటానికి ఏం చేస్తోంది అని అడిగితే, దేశమంతా చూపించే ఉదాహరణల్లో ఒకటి ఇక్కడే, మన గోదావరి అవతలి ఒడ్డునే ఉంది.

భద్రాచలం పేపర్ బోర్డ్స్ కంపెనీ 1975లో ఏర్పడింది. 1979లో ఉత్పత్తి మొదలైంది. 2002లో ఐటీసీలో పూర్తిగా కలిసిపోయింది. మొదట్లో మిల్లుకు కావలసింది మన అడవిలోని వెదురు. దేశంలో కాగితం మిల్లులన్నింటికీ ఆ రోజుల్లో ప్రభుత్వాలు వెదురును చౌకగా ఇచ్చాయి. అదే వెదురు బుట్టలల్లే మేదరి కుటుంబానికి కావాలంటే కేసు పెట్టేవాళ్లు. 1988 జాతీయ అటవీ విధానం ఈ పద్ధతి మారాలంది. పరిశ్రమలకు రాయితీ ధరకు అటవీ ఉత్పత్తులు ఇవ్వొద్దు, తమకు కావలసిన కలపను రైతులతో నేరుగా సంబంధం పెట్టుకుని పెంచుకోవాలి అంది. ఆ మరుసటి సంవత్సరం నుంచే సారపాక మిల్లు జామాయిల్ మీద పరిశోధన మొదలుపెట్టింది. మంచి చెట్టు నుంచి కొమ్మ తుంచి వేరు పుట్టించి, తల్లిచెట్టు లాంటి పిల్లమొక్కలనే లక్షల్లో తయారుచేసే పద్ధతి అది. మనం క్లోన్ జామాయిల్ అంటున్నది దీన్నే. విత్తనపు మొక్క కంటే ఇది రెట్టింపుకు పైగా కలప ఇస్తుంది. నాలుగేళ్లకు కోతకొస్తుంది, మోడు నుంచి మళ్లీ చిగురిస్తుంది.

న్యాయంగా చెప్పాలంటే ఇది ఉత్త ప్రచారం కాదు. అడవి వెదురు మీద బరువు తగ్గింది. పత్తి వేసి పురుగుమందుల అప్పుల్లో మునిగిన రైతుకు నాలుగేళ్లకు ఒకసారైనా ఒక మొత్తం చేతికొచ్చింది. క్లోరిన్ వాయువు లేకుండా గుజ్జును తెల్లబరిచే పద్ధతిని మన దేశంలో మొదట తెచ్చింది కూడా ఈ మిల్లే. గుజ్జు తీయగా మిగిలిన నల్లటి ద్రావణాన్ని మండించి ఆవిరి, కరెంటు తీస్తున్నారు. ఇవి మంచి పనులు. మంచిని మంచి అనకపోతే మన విమర్శకు విలువ ఉండదు.

అయితే ఆ తోటలో మన ఆడవాళ్ల సంగతి ఏమిటి? మొక్కల నర్సరీల్లో కొమ్మలు కత్తిరించేది, సంచులు నింపేది ఎక్కువగా ఆడవాళ్లే. మొదటి సంవత్సరం సాళ్ల మధ్య కందో, పెసరో వేసుకోవచ్చు, కలుపు పని ఉంటుంది. ఆ తర్వాత? నాలుగేళ్ల దాకా ఆ చేలో ఆడదానికి పని లేదు. కోత వచ్చినప్పుడు చెట్టు కొట్టే ముఠా వస్తుంది, లారీ వస్తుంది. అప్పుడు కావాలంటే బెరడు ఒలిచే పని దొరుకుతుంది. అదే చేను మిరప అయితే ఏరడానికి, పత్తి అయితే తీయడానికి, జొన్న అయితే కోయడానికి ఎన్ని రోజుల కూలి ఉండేదో మీరే లెక్కేసుకోండి. జామాయిల్ ఆకు మేక ముట్టదు. దాని కింద గడ్డి సరిగా మొలవదు. సుబాబుల్ అయితే ఆకైనా మేతకు పనికొస్తుంది. ఒక కుటుంబం తనకున్న మూడెకరాల్లో ఒక ఎకరం వేసుకుంటే అది వేరు. ఊరు ఊరంతా వేస్తే ఆ ఊళ్లో కూలి మీద బతికే ఆడవాళ్లు ఎక్కడికి పోవాలి?

ఇంకో సంగతి కూడా ఉంది. జామాయిల్ దూరంగా ఉండే ఆసామికి ఎంతో అనువైన పంట. కాపలా అక్కర్లేదు, పాలేరు అక్కర్లేదు. ఏజెన్సీలో గిరిజనేతరుల చేతికి భూమి పోకూడదని 1959 చట్టం, దాన్ని గట్టిచేసిన 1970 నాటి ఒకటో రెగ్యులేషన్, మనం వన్ ఆఫ్ సెవెంటీ అనేది, ఉన్నాయి. ఉన్నా భూములు పోయాయి. బినామీ పేర్ల మీదున్న భూమిలో నాలుగేళ్ల పంట నిలబెడితే, హక్కు అడగడానికి వచ్చిన గిరిజన కుటుంబం కళ్లముందు నాలుగేళ్లూ ఆసామి చెట్లే కనిపిస్తాయి. ఇది చెట్టు చేసిన తప్పు కాదు. కంపెనీ మొక్క అమ్మేటప్పుడు, కలప కొనేటప్పుడు, ఈ భూమి ఎవరిది అని అడుగుతోందా లేదా అన్నది మన ప్రశ్న.

ఇక కార్బన్ సంగతి. దీన్ని కాస్త ఓపిగ్గా వినాలి.

1997లో జపాన్‌లోని క్యోటో నగరంలో ఒక ఒప్పందం జరిగింది. ధనిక దేశాలు తమ పొగ తగ్గించుకోవాలి. తగ్గించుకోలేకపోతే పేద దేశాల్లో ఎవరైనా పొగ తగ్గించే పని గానీ, చెట్లు పెంచే పని గానీ చేస్తే, ఆ తగ్గింపును కొనుక్కుని తమ ఖాతాలో వేసుకోవచ్చు. టన్నుకొక సర్టిఫికెట్. ఈ ఏర్పాటు కిందనే 2009లో, ఖమ్మం జిల్లాలో బాగా పాడైపోయిన భూముల్లో ఐటీసీ సామాజిక వనాల పథకం ఐక్యరాజ్యసమితి దగ్గర నమోదయింది. సుమారు మూడు వేల హెక్టార్లు. సంవత్సరానికి సగటున 57 వేల టన్నుల పైచిలుకు బొగ్గుపులుసు వాయువును ఈ చెట్లు పీల్చుకుంటాయని అంచనా. ఆ భూములు ఎవరివి? ఎక్కువగా గిరిజన, పేద రైతులవి. చెట్లు నాటిందీ, కాపాడిందీ వాళ్ల కుటుంబాలు.

ఈ లెక్క అర్థం కావడానికి ఒక పోలిక చెబుతాను. నాలుగేళ్లకొకసారి కొట్టే తోట చెరువు లాంటిది. ఒకవైపు నిండుతుంది, ఒకవైపు ఖాళీ అవుతుంది, సగటున కొంత నీరు నిలుస్తుంది. ఆ నిలిచింది మాత్రమే నిజమైన నిల్వ. కొట్టిన కట్టె కాగితమవుతుంది, ఆ కాగితంలో ఎక్కువ భాగం కొన్నాళ్లకు చెత్తలోకో, మంటలోకో పోతుంది. పీల్చుకున్న వాయువు మళ్లీ గాలిలోకే. బొగ్గు సంగతి వేరు. మన గోదావరి లోయ బొగ్గు పాతిక కోట్ల ఏళ్లకు పైగా భూమిలో కదలకుండా ఉన్నది. తవ్వి కాల్చాక గాలిలో కలిసినది వేల ఏళ్ల దాకా పూర్తిగా పోదు. శాశ్వతంగా చేసిన నష్టాన్ని నాలుగేళ్ల చెట్టుతో కొట్టివేయడం ఎలా కుదురుతుంది? క్యోటో నియమాలు రాసినవాళ్లకు కూడా ఇది తెలుసు. అందుకే చెట్ల సర్టిఫికెట్లకు గడువు పెట్టారు, గడువు తీరాక వాటి స్థానంలో వేరేవి చూపించాలన్నారు. యూరప్ కార్బన్ మార్కెట్ అయితే చెట్ల సర్టిఫికెట్లను అసలు తీసుకోనేలేదు. ఇవన్నీ మనకు ఎవరూ చెప్పరు. మనకు చెప్పేది 'చెట్లు పెంచండి, భూమిని కాపాడండి' అన్న గోడమీది మాట మాత్రమే.

ఐటీసీ 2005-06 నుంచి తాను 'కార్బన్ పాజిటివ్' అని ప్రతి ఏటా ప్రకటిస్తోంది. అంటే తాను వదిలే పొగ కంటే పీల్చుకునేది ఎక్కువ అని. దేశమంతటా పది లక్షల ఎకరాలకు పైగా పచ్చదనం పెంచామంటుంది. ఆ లెక్కలో రైతుల చేలల్లోని చెట్లు కలిసి ఉన్నాయి. తన శక్తి వాడకంలో సగం దాకా పునరుత్పాదక వనరుల నుంచే అని కూడా చెబుతోంది. ఇందులో అబద్ధం ఉందని నేను ఆరోపించడం లేదు. అడుగుతున్నది ఇంకొకటి. చెట్టు నా చేలో ఉంది. మొక్కకు, ఎరువుకు అప్పు నా కుటుంబానిది. ఎండు తెగులొస్తే, ధర పడిపోతే నష్టం మాది. కలప అమ్మాం, డబ్బు తీసుకున్నాం, సరే. కానీ ఆ చెట్టు పీల్చిన గాలి ఖాతా కంపెనీ పుస్తకంలోకి ఏ కాగితం మీద, ఎవరి సంతకంతో వెళ్లింది? కలపకు ధర ఉన్నప్పుడు ఆ పేరుకు ధర లేదా?

మామూలుగా మన ఊళ్లలో సంతకం ఎవరు పెడతారో మనకు తెలుసు. పట్టా మగవాడి పేరు మీద ఉంటుంది, అప్పు మగవాడి పేరు మీద ఉంటుంది, లారీ కాటా చీటీ మగవాడి జేబులో ఉంటుంది. నీళ్లు మోసి మొక్క బతికించిన ఆడది ఏ కాగితంలోనూ కనిపించదు. కంపెనీ కొత్తగా ఈ అన్యాయాన్ని సృష్టించలేదు, మన ఇళ్లల్లో ఉన్నదాన్నే తన ఫైల్లోకి ఎత్తి రాసుకుంది. అయినా పర్యావరణానికి మేలు చేశామని ప్రపంచం ముందు పేరు తీసుకునేవాడు, ఇంటి గుమ్మం దగ్గర ఆగి 'మీ ఆవిడను కూడా పిలవండి' అనడానికి ఎందుకు వెనకాడాలి?

ఇది కుదరని పని అనేవాళ్లకు ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లా పవర్‌గూడ సంగతి చెప్పాలి. చిన్న గిరిజన గూడెం. అక్కడి మహిళా సంఘాలు 2002లో సుమారు 4500 కానుగ మొక్కలు నాటాయి. కానుగ మనకు తెలియని చెట్టేమీ కాదు, గింజ నూనె దీపానికీ, మందుకూ వాడుకున్నదే. ఆ నూనెను డీజిలుకు బదులు వాడొచ్చు. అలా వాడితే పదేళ్లలో 147 టన్నుల మేరకు పొగ తగ్గుతుందని లెక్కగట్టి, 2003 అక్టోబరులో ప్రపంచబ్యాంకు వాళ్లకు 645 డాలర్లు చెల్లించింది. అప్పటి లెక్కలో సుమారు 29 వేల రూపాయలు. వాషింగ్టన్‌లో బ్యాంకు జరిపిన ఒక సమావేశానికి విమానాల్లో వచ్చినవాళ్ల పొగకు అది పరిహారమట! ఈ కథను ఇటు నుంచి చూస్తే గర్వంగా ఉంటుంది. అమ్మింది ఆడవాళ్ల సంఘం, డబ్బు వచ్చింది ఆడవాళ్ల సంఘానికి, మధ్యలో ఏ కంపెనీ పేరూ లేదు, చెట్టు కొట్టనక్కర్లేదు, గింజ వాళ్లదే. అటు నుంచి చూస్తే నవ్వొస్తుంది, కోపమూ వస్తుంది. టన్నుకు నాలుగున్నర డాలర్లు కూడా పడలేదు. ఒక గూడెం పదేళ్ల కష్టంతో ఒక సమావేశం ప్రయాణాల పాపం కడిగేశారు. నాకైతే రెండూ నిజమే అనిపిస్తాయి. ఆడవాళ్లు ఒప్పందంలో కూర్చోగలరని పవర్‌గూడ రుజువు చేసింది. ధర నిర్ణయించే చోట మాత్రం వాళ్లకు కుర్చీ వెయ్యలేదు.

ఇప్పుడు అసలు భయపడాల్సిన విషయానికి వస్తున్నాను. ఇంతవరకు చెప్పింది పట్టా చేలల్లోని చెట్ల గురించి. రేపు రాబోయేది అడవి గురించి.

1990లలో కాగితం కంపెనీలు ఒక కోరిక కోరాయి. పాడైపోయిన అడవి భూముల్ని మాకు లీజుకివ్వండి, తోటలు పెంచుకుంటాం అని. దేశమంతటా ప్రజా సంఘాలు వ్యతిరేకించాయి. ప్లానింగ్ కమిషన్ వేసిన వర్కింగ్ గ్రూపు కూడా 1998లో అది వద్దని నివేదిక ఇచ్చింది. ఎందుకంటే ఫైల్లో పాడైన అడవి అని రాసిన చోటే పేదలు పశువుల్ని మేపుకుంటారు, ఇప్పపువ్వు ఏరుకుంటారు, చీపురు కోసుకుంటారు. అంతకు ముందటి ఏడాది, 1997లో, సమత కేసులో సుప్రీంకోర్టు షెడ్యూల్డు ప్రాంతంలోని ప్రభుత్వ భూమిని ప్రైవేటు కంపెనీలకు గనుల లీజుకు ఇవ్వకూడదని తీర్పు చెప్పింది. ఆ తలుపు మూసుకుందనుకున్నాం.

2023 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం 'గ్రీన్ క్రెడిట్' నియమాలు తెచ్చింది. 2024 ఫిబ్రవరిలో వాటికి పద్ధతి ప్రకటించింది. పాడైన అటవీ భూమిలో అటవీశాఖ చెట్లు నాటుతుంది, కంపెనీ డబ్బు కడుతుంది, దానికి బదులు కంపెనీకి క్రెడిట్లు వస్తాయి. ఇంకోచోట గని కోసమో ఫ్యాక్టరీ కోసమో అడవి కొడితే బదులుగా చెట్లు పెంచాలి కదా, ఆ బాధ్యతకు ఈ క్రెడిట్లు చూపించుకోవచ్చు. విమర్శలు వచ్చాక 2025లో నియమం కొంత మార్చారు, ఐదేళ్లు నిలిచి గుబురుగా పెరిగిన చెట్లకే క్రెడిట్ అన్నారు. మొదట రెండేళ్లకే ఇచ్చేవాళ్లు, ఆ మేరకు మెరుగే. కానీ మూలం మారలేదు. లీజు అనే పేరు లేదు, తలుపు మాత్రం అదే. ఆ భూమి పాడైనదని ఎవరు నిర్ణయిస్తారు? గ్రామసభను అడుగుతారా?

మన దగ్గర మొక్కలు నాటడం అంటే ఏమిటో మనకు అనుభవం ఉంది. హరితహారం 2015లో మొదలైంది. చెట్లు నాటడం మంచిదే, ఎవరు కాదంటారు? కానీ పోడు చేలల్లో కందకాలు తవ్వి మొక్కలు పెట్టినప్పుడు ఎదురు నిలబడింది ఆడవాళ్లు. కేసులు వాళ్ల మీదే. 2021 ఆగస్టులో ఖమ్మం జిల్లా కొణిజర్ల మండలం ఎల్లన్ననగర్ నుంచి పోడు రైతుల్ని జైలుకు పంపినప్పుడు అందులో పసిబిడ్డల తల్లులు ఉన్నారు. 2022 నవంబరులో చంద్రుగొండ మండలంలో ప్లాంటేషన్ దగ్గర గొడవలో ఒక అటవీ రేంజి అధికారి ప్రాణం పోయింది. ఆయనకూ భార్యాపిల్లలున్నారు. ఆ హత్యను సమర్థించే మాట మన నోట రాకూడదు. ఆ తర్వాత శిక్ష అంతా ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చి తలదాచుకున్న గుత్తికోయల మీద, అందరినీ కలిపి, పడటాన్ని కూడా మనం ఒప్పుకోకూడదు. సల్వాజుడుం రోజుల్లో ఇళ్లు కాలిపోతే వచ్చినవాళ్లు వాళ్లు. 2005 డిసెంబరు 13కి ముందు నుంచి సాగు చూపించలేరు కాబట్టి పట్టా రాదు. ఇలాంటి నేల మీద, ఎక్కడో ఉన్న కంపెనీకి క్రెడిట్ కావాలని ఇంకో ప్లాంటేషన్ కంచె పడితే ఏమవుతుందో ఊహించండి.

అందుకే మన చేతిలో ఉన్న చట్టం మనకు తెలియాలి. 2006 అటవీ హక్కుల చట్టంలో పట్టా భార్యాభర్తలిద్దరి పేరునా ఉండాలని రాసి ఉంది. 2023 జూన్ 30న తెలంగాణ ప్రభుత్వం లక్షన్నర మందికి, నాలుగు లక్షల ఎకరాలకు పైగా పోడు పట్టాలివ్వడం మొదలుపెట్టింది. అందరికంటే ఎక్కువ మన భద్రాద్రి జిల్లాకే. మీ ఇంట్లోని పట్టా తీసి చూడండి, మీ పేరు, ఫోటో ఉన్నాయా? ఇదొకటి. రెండోది అంతకంటే ముఖ్యమైంది, దాన్ని మనం దాదాపు వదిలేశాం. అదే సామూహిక హక్కు. ఊరి అడవిని కాపాడుకునే, పెంచుకునే, నిర్వహించుకునే హక్కు గ్రామసభదని అదే చట్టం చెబుతోంది. వెదురు, తునికాకు రెండూ చిన్నతరహా అటవీ ఫలసాయమేనని, వాటి మీద హక్కు మనదేనని చెబుతోంది. ఒకప్పుడు మిల్లుకు చౌకగా పోయిన వెదురు ఇప్పుడు చట్టంలో మనది! గ్రామసభకు కోరం సగం మంది, వచ్చినవాళ్లలో మూడోవంతు ఆడవాళ్లు ఉండాలి. ఆడవాళ్లు లేచి బయటికొస్తే ఆ తీర్మానం చెల్లదు. 2014లో పోలవరం కోసం ఆంధ్రప్రదేశ్‌లో కలిపేసిన మండలాల అక్కచెల్లెళ్లు కూడా ఇక్కడున్నారు. రాష్ట్రం మారింది గానీ ఇది కేంద్ర చట్టం, మీకూ ఇదే వర్తిస్తుంది.

అయితే పెద్ద కంపెనీల పాత్ర ఏమీ లేదా, అన్నీ వద్దంటున్నావా అని అడుగుతారు. అలా అనడం లేదు. పొగలో ఎక్కువ భాగం వాళ్లదైనప్పుడు పనిలో ఎక్కువ భాగం కూడా వాళ్లదే కావాలి. ముందు తన పొగగొట్టం, ఆ తర్వాతే మన చెట్టు. బొగ్గును ఏ సంవత్సరానికి ఎంత తగ్గిస్తారో, దాన్ని చెట్ల లెక్కతో కలపకుండా విడిగా చెప్పమనాలి. సింగరేణి సౌర విద్యుత్ కేంద్రాలు పెడుతోంది, మంచిదే. కానీ ఏటా 7 కోట్ల టన్నుల బొగ్గు తవ్వే సంస్థ గని మూసే రోజున అక్కడి కార్మికుడికి, గని వల్ల ఊరు పోగొట్టుకున్న కుటుంబానికి, కాంట్రాక్టు పని చేసే ఆడదానికి ఏం చూపిస్తుందో ఇప్పుడే చెప్పాలి. 2013 కంపెనీల చట్టం ప్రకారం పెద్ద కంపెనీలు లాభంలో రెండు శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు చెయ్యాలి. ఆ డబ్బుతో స్కూలుకు బెంచీలు వస్తాయి, వరదప్పుడు బియ్యం వస్తాయి. మనం తీసుకుంటాం, తీసుకోవాలి కూడా. కానీ రెండు శాతం గురించి మాట్లాడుతూ మిగతా తొంభై ఎనిమిది ఎలా వచ్చిందో మరిచిపోకూడదు. దేశంలోని పెద్ద వెయ్యి కంపెనీలు ఇప్పుడు ప్రతి ఏటా ఎంత పొగ వదిలిందీ, ఎంత నీరు వాడిందీ సెబీకి రాసివ్వాలి. ఆ నివేదికలు ఇంగ్లీషులో, వందల పేజీల్లో, షేర్లు కొనేవాళ్ల కోసం ఉంటాయి. అందులో మన ఊరి చెట్ల లెక్క ఉంటే ఆ పేజీ తెలుగులో మన పంచాయతీ ఆఫీసు గోడకు అంటించమని ఎందుకు అడగకూడదు?

జామాయిల్ వేసుకున్న అక్కలకు నాదొక సలహా. కోసేయమని చెప్పను. అప్పుంది, పెళ్లిళ్లున్నాయి, నాకు తెలుసు. ఈసారి మొక్క తెచ్చుకునేటప్పుడు అగ్రిమెంటులో మీ పేరు రాయించండి. ఇంటి తిండికి సరిపడా చేను వదిలి మిగతాదాంట్లోనే వేయండి. కార్బన్ పేరుతో ఎవరైనా సంతకం అడిగితే, కంపెనీ అయినా, మధ్య దళారీ అయినా, స్వచ్ఛంద సంస్థ అయినా, ఆ కాగితం ఇంటికి తెచ్చి చదివించుకోకుండా వేలిముద్ర వేయొద్దు. ఎన్నేళ్లకు, టన్నుకెంత, తోట కాలిపోతే ఎవరు కట్టాలి, మధ్యలో చెట్టు కొట్టుకుంటే ఏమవుతుంది – ఈ నాలుగూ అందులో ఉన్నాయా చూడండి.

ఇక ఈ పూటకు పని. తునికాకు కోత మొదలయ్యేలోపు ప్రతి ఊళ్లోనూ ఒక గ్రామసభ పెట్టించాలని నిన్న మనం అనుకున్నాం. సామూహిక అటవీ హక్కు క్లెయిము పెట్టిన ఊళ్లెన్నో, పెట్టనివెన్నో మండలాల వారీగా రాసుకుందాం. క్లెయిము ఫారాలు బయట వేపచెట్టు కింద బల్ల మీద ఉన్నాయి. ఒక్కో ఊరికి రెండేసి తీసుకోండి. ఒకటి ఐటీడీఏ ఆఫీసులో ఇచ్చి, రెండో దాని మీద ముద్ర, తేదీ వేయించుకుని మీ దగ్గరే ఉంచుకోవాలి. చర్ల, దుమ్ముగూడెం వైపు బస్సు నాలుగున్నరకే కాబట్టి ముందు వాళ్ల ఊళ్ల పేర్లు రాసుకుందాం.